మిన్నీ ఫ్రీమన్ తాడు: 1888 నాటి మంచు తుఫాను కథను ఎలా చెప్పాలి?

లింకన్‌వాసి:
అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర రాజధాని లింకన్‌లోని శాసనసభ భవనంలో 1967లో అమర్చిన గాజుముక్కల కుడ్యచిత్రం ఒకటి ఉంది. 1888 జనవరి 12 నాటి మంచు తుఫానులో మిన్నీ ఫ్రీమన్ అనే పంతులమ్మ బడిపిల్లలను ఒకే తాడుకు కట్టి నడిపించుకుపోయిన కథ అందులోని విషయం. మొన్న మా అబ్బాయిని అక్కడికి తీసుకెళ్లి ఆ కథ చెప్పి, ఇంటికి వచ్చాక చదివితే, ఆమె పిల్లలను సుమారు మైలు దూరంలోని ఇంటికి చేర్చిన మాట నిజమే గాని తాడు మాత్రం బహుశా కట్టలేదని తెలిసింది. ఇప్పుడు వాడికి కథను మార్చి చెప్పాలా?

పాతపత్రిక:
మార్చి చెప్పవలసిందేనండి. నాకు అభ్యంతరం తాడు ఒక్కదానితోనే కాదు. ఆ ఉదయం ఎండ కాసి, జనవరిలో అరుదైన వెచ్చదనం ఉండటంతో చాలామంది పిల్లలు మందపాటి కోట్లు లేకుండానే బడికి వెళ్లారు. బడి వదిలే వేళకు, పిండిలా మెత్తని మంచును మోసుకుంటూ వచ్చిన గాలిలో ముందున్న మనిషి కూడా కనిపించలేదు. నెబ్రాస్కాలోనే ప్లెయిన్‌వ్యూ అనే ఊరి దగ్గర లోయిస్ రాయిస్ అనే పంతులమ్మ, చలి కాచే పొయ్యిలోకి ఇంధనం అయిపోవడంతో, ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని కూతవేటు దూరంలో ఉన్న తన బసకు బయలుదేరి దారి తప్పింది. పిల్లలు ముగ్గురూ చనిపోయారు, ఆమె పాదాలు తీసేయవలసి వచ్చింది. ఆమె చేసిన నిర్ణయమూ ఫ్రీమన్ చేసిన నిర్ణయమూ ఒకటే, ఫలితాలే వేరు. తాడు కథ వింటే మాత్రం తెలివిగల పంతులమ్మ దగ్గరి పిల్లలు బతికారని, రాయిస్‌కు ఆ తెలివి లేకపోయిందని అనిపిస్తుంది. అది ఆమెకు అన్యాయం.

గడ్డిమైదానం:
పాతపత్రిక గారి ఆవేదన అర్థమవుతోంది గాని, ఒక్క ఫ్రీమన్ కథే నిలిచిపోయిందన్న నేరమంతా నాటి పత్రికల మీద పడకూడదు. ఒమాహా బీ పత్రిక సేకరించిన విరాళాలు ఫ్రీమన్ ఒక్కరికే కాక రాయిస్‌కు, గడ్డివామిలో 78 గంటలు చిక్కుకుని బయటపడినా కాళ్లు తీసేశాక చనిపోయిన మరో పంతులమ్మ ఎట్టా షాటక్‌కు కూడా ఉద్దేశించినవే. ముగ్గురిలో ఒకరి కథనే నిలుపుకున్నది తర్వాతి తరాలు. అయినా ఆ తాడు లేకపోతే లింకన్‌వాసి గారి అబ్బాయి 1888 గురించి వినేవాడా అన్నదే నా సందేహం. మృతుల సంఖ్యగా తరచూ చెప్పే 235 కూడా అంచనాయే కదా. దాన్ని అచ్చులో వేసుకుంటూ తాడును మాత్రం తప్పుపట్టడం ఏం న్యాయం?

పాతపత్రిక:
అంచనాను అంచనా అని చెప్పి వేస్తే తప్పేమీ లేదండి. ఇళ్లు మైళ్ల దూరంలో విసిరేసినట్టుండే కొత్త వలస ప్రాంతాల్లో, మంచు కరిగితే గాని కొన్ని శవాలు బయటపడని చోట, అంతకంటే కచ్చితమైన లెక్క ఎలా వస్తుంది? తాడును కూడా “జనం ఇలా చెప్పుకుంటారు” అని చెబితే నాకు పేచీ లేదు. కుడ్యచిత్రాన్ని చెరిపేయమని నేను అనడం లేదు.

లింకన్‌వాసి:
వచ్చే శనివారం వాడిని మళ్లీ తీసుకెళ్తున్నాను. ఈసారి రాయిస్ గురించి కూడా చెబుతాను. పిల్లలు ఏమయ్యారని అడుగుతాడు, దానికి ఎనిమిదేళ్లవాడికి తగ్గ జవాబు మాత్రం ఇంకా దొరకలేదు.