'8 నిమిషాల 37 సెకన్లు' పేరు తీసేసి 'హిరోషిమా' అని పెట్టడం న్యాయమేనా?

నిద్రపట్టనివాడు:
నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పోలండ్ స్వరకర్త క్షిష్టోఫ్ పెండెరెత్స్కీ 'హిరోషిమా మృతులకు శోకగీతం' విన్నాను. 52 తీగవాద్యాలు, మాట ఒక్కటీ లేదు. మొదట్లోనే అందరూ తమ వాద్యం పలకగలిగినంత పైస్వరం పట్టుకుని కీచుమంటారు. నాకు సైరన్ వినపడింది, విమానం వినపడింది, చివర్లో ఊరంతా బూడిదైనట్టు అనిపించింది.

తర్వాత దాని గురించి చదివితే ఒళ్లు మండింది. 1960లో రాసినప్పుడు అందులో హిరోషిమా ఊసే లేదట! పేరు '8 నిమిషాల 37 సెకన్లు'. గడియారం చూసి పెట్టిన పేరన్నమాట. పోలండ్‌లోని కటోవిత్సేలో ఫిటెల్‌బెర్గ్ స్వరకర్తల పోటీలో మూడో బహుమతి వచ్చింది. ఆ తర్వాత పేరు మారింది, 1961లో యునెస్కో బహుమతి, లోకమంతా ప్రసిద్ధి. లక్షమందికి పైగా చచ్చిపోయిన ఘోరాన్ని తెచ్చి ఒక శబ్దప్రయోగానికి లేబుల్‌లా అంటించొచ్చా? నేను విన్న ఆ విమానం ఆయనదా, నాదా?

పాతరేడియో:
ఆయనేం దాచలేదండీ. కాగితం మీద ఉన్నంతవరకూ అది తన ఊహలోనే ఉందని, వాద్యబృంద నిర్వాహకుడు (కండక్టర్) యాన్ క్రెంజ్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాక విని అందులోని ఉద్వేగానికి తనే ఉలిక్కిపడ్డానని, దేనితో పోల్చాలా అని వెతుక్కుంటే హిరోషిమా తట్టిందని చెప్పుకున్నాడు. మనమైనా బిడ్డకి ఇరవై ఒకటో రోజున పేరు పెడతాం గానీ కడుపులో ఉండగా పెట్టం కదా.

గోదారిగట్టు:
పెట్టిన పేరు మార్చడం వేరండీ. అది జాతకం కలిసిరాక చేసే పని :)

జోక్ పక్కన పెడితే, అది ఏ కాలమో చూడండి. పోలండ్‌లో 1956 నుంచి కళల మీద సర్కారు పట్టు కాస్త సడలింది, కొత్త సంగీతానికి 'వార్సా శరత్' ఉత్సవం మొదలైంది. సడలినా ప్రభుత్వం కమ్యూనిస్టులదే. అమెరికా వేసిన బాంబు మీద శోకగీతం అంటే అక్కడ ఏ అధికారి కాదంటాడు? అటు పశ్చిమాన శాంతి కోరేవాళ్లకీ నచ్చుతుంది. రెండు వైపులా చెల్లే పాస్‌పోర్టు ఆ పేరు. ఇది నా అనుమానమే అనుకోండి, కానీ గట్టి అనుమానం.

కమాను:
నేను కొన్నేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను, కర్ణాటకమే. ఈ స్కోరు మొదటిసారి చూసినప్పుడు ఇది సంగీతమా, ఇంజినీరింగ్ డ్రాయింగా అనిపించింది. 24 వయొలిన్లు, 10 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బాస్‌లు. మన తాళం లాంటి లెక్క చాలాచోట్ల ఉండదు, కింద సెకన్లు వేసి ఉంటాయి. పక్కపక్క శ్రుతులన్నీ ఒకేసారి మోగాల్సిన చోట లావుపాటి నల్ల పట్టీ గీసేశాడు. ఒకచోట తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జికి అవతల వైపు తీగ మీద కమాను లాగాలి, ఒకచోట వాద్యం ఒంటి మీద వేళ్లతో తట్టాలి. మా గురువుగారు చూస్తే నా చేతిలో కమాను లాగేసుకునేవారు.

అన్నిటికంటే నన్ను ఆపింది మధ్యభాగం. అక్కడ 36 భాగాల కానన్ ఉంది, అంటే ఒకరు వాయించింది ఇంకొకరు వెనకాలే అందుకుంటూ పోవాలి. చాలా చల్లగా, లెక్క తప్పకుండా చేసిన పని. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరికీ బాంబే వినపడుతుంది. సాహిత్యం లేని చోట పేరే సాహిత్యమై కూర్చుంది. నా గొడవ మృతులకి అన్యాయం జరిగిందని కాదు, సంగీతానికి జరిగిందని.

ఇంకో సంగతి. తర్వాతి రచన 'పోలిమోర్ఫియా' కోసం ఈ శోకగీతాన్నే క్రాకోలో మానసిక రోగులకి వినిపించి, అప్పుడు వాళ్ల మెదడు నుంచి వచ్చిన ఈఈజీ గీతల్ని స్వరాలుగా వాడుకున్నాడు. నిజంగా శోకం కోసమే రాసినవాడు అలా చేస్తాడా?

నిద్రపట్టనివాడు:
ఈఈజీ సంగతి తెలీదు, అమ్మో! 'షైనింగ్' సినిమాలో దెయ్యాలకి వాడింది ఈ శోకగీతమే కదా?

పాతరేడియో:
కాదండీ, చాలామంది అలాగే అనుకుంటారు. 1980 నాటి ఆ సినిమాలో ఆయన సంగీతం చాలానే ఉంది, 'పోలిమోర్ఫియా' కూడా ఉంది, ఇది మాత్రం లేదు. ఇది వినపడేది 2017లో వచ్చిన 'ట్విన్ పీక్స్' టీవీ సీరియల్ ఎనిమిదో భాగంలో. అందులోనూ హిరోషిమా కాదు, 1945 జులై 16న న్యూమెక్సికోలో పేల్చిన మొదటి అణుబాంబు. పేరు లేకపోతే దాని దర్శకుడు డేవిడ్ లించ్‌కి అక్కడ ఇది తట్టేదా?

కమాను గారూ, మీరు చెప్పిన చల్లని మనిషే 1967లో ఆష్విట్జ్ నాజీ మరణశిబిరంలో చనిపోయినవాళ్ల కోసం 'డీస్ ఈరే' రాశాడు. 1970లో కాల్పుల్లో చనిపోయిన పోలండ్ రేవుపట్నం గ్దాన్స్క్ కార్మికుల స్మారకం కోసం 1980లో 'లాక్రిమోజా' రాశాడు. ఇవి ముందు రాసి తర్వాత పేరు పెట్టినవి కావు. మొదట అరువు తెచ్చుకున్నా, తర్వాత బాకీ తీర్చాడనే నేనంటాను.

గోదారిగట్టు:
తెచ్చింది ఒకరి దగ్గర, తీర్చింది ఇంకొకరికి. మా ఊళ్లో దాన్ని బాకీ తీర్చడం అనరు.

కమాను:
నిద్రపట్టనివాడు గారూ, మీ ఇంట్లో ఎవరికైనా పేరు చెప్పకుండా వినిపించండి. ఏం విన్నారో రాయండి.

నిద్రపట్టనివాడు:
ఇవాళ మా చెల్లికి వినిపించాను. '8 నిమిషాల 37 సెకన్లు' అని మాత్రమే చెప్పాను. మొదట "స్పీకర్ పాడైందా అన్నయ్యా?" అంది. తర్వాత కందిరీగల తుట్టె కదిపినట్టుంది అంది. చివర్లో 52 వాద్యాలూ ఒక్కసారి గట్టిగా అందుకుని అర నిమిషం పాటు తగ్గుతూ తగ్గుతూ పోతాయి చూడండి, అక్కడ ఫోన్ పక్కన పెట్టి విని, "ఇది బాగుంది" అంది.

అప్పుడు 'హిరోషిమా' పేరు చెప్పి మళ్లీ పెట్టాను. రెండు నిమిషాలకే ఆపేయమంది.