అప్‌డేట్: చీమకుర్తి పనికి ఒంగోలులోనే దిగాను

గ్రానైట్ బ్లాకుల కొలతలు చూసే పని మీద 12 రోజులు చీమకుర్తి వెళ్లాలి, అక్కడే ఉండాలా, ఒంగోలులో ఉండాలా అని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది ఒంగోలే అన్నారు. అలాగే చేశాను, థాంక్స్.

మొదటి రెండు రాత్రులు మాత్రం నా తెలివితక్కువే. బస్టాండుకు దగ్గరని ఒక లాడ్జిలో రోడ్డు వైపు గది తీసుకున్నాను. తెల్లవార్లూ హారన్లే. మూడో రోజు కర్నూలు రోడ్డు వైపు మారాను. చీమకుర్తి బస్సులు ఆ దారినే పోతాయి. ఈసారి అడ్వాన్సు ఇచ్చే ముందు కిటికీ తెరిచి చూశాను: వెనక పెరడు, రెండు కొబ్బరిచెట్లు. చాలు.

ఇక తిండి. క్వారీలకు దగ్గర్లో ఒక చిన్న మెస్సు దొరికింది. రాతి దుమ్ముతో గొంతు ఎండిపోయి వెళ్తే, ఆ పెద్దావిడ ముందు గ్లాసుడు మజ్జిగ పోసి, "కారం తింటావా నాయనా?" అని అడిగేది. తింటానన్నాను. గోంగూర పచ్చడి మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు! నాలుగో రోజుకల్లా నేనే అడిగి మారు వేయించుకున్నాను.

చిక్కల్లా బిల్లు దగ్గరే. మెస్సువాళ్లు చీటీ మీద రాసిస్తే మా అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోలేదు. మేనేజరును బతిమాలితే చివరికి రోజుకింత అని భత్యం కింద ఇచ్చారు. "వెళ్లకముందే మెయిల్‌లో రాయించుకో తమ్ముడూ" అన్న అన్నగారూ, మీ మాట అప్పుడే వినాల్సింది.

వచ్చే నెల మళ్లీ వెళ్లాలి. అదే గది కావాలని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.