ఎస్‌ఓపీ చదివి సంతకం పెడితే శిక్షణ పూర్తయినట్టేనా? పాత ఆపరేటర్లకు తెలిసింది ఎక్కడ రాయాలి?

శిక్షణ బాధ్యురాలు:

హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో, జీవకణాలతో మందులు తయారుచేసే ఒక బయోలాజిక్స్ ప్లాంటులో శిక్షణ చూస్తున్నాను. మా పద్ధతి మీ అందరికీ తెలిసినదే. ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన అధికారిక పత్రం) మారిన ప్రతిసారీ సంబంధిత సిబ్బంది చదివి, “చదివాను, అర్థమైంది” అని సంతకం పెడతారు. ఈ మధ్య కొత్తగా చేరిన ఒక ఆపరేటరు ఒక్క రోజులో ఇరవై ఎస్‌ఓపీలకు సంతకం పెట్టాడు. శిక్షణ రికార్డు నిండింది, ఆడిట్‌లో ఎవరూ వేలెత్తి చూపలేరు.

తర్వాతి వారం రాత్రి షిఫ్టులో అతను చూస్తున్న సీడ్ బయోరియాక్టర్‌లో (కణాలను పెంచే తొలి దశ ట్యాంకులో) నురగ పైకి లేచి, గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ ఫిల్టరు తడిసిపోయింది. ట్యాంకులో పీడనం పెరిగి, చివరికి బ్యాచ్ పారబోయాల్సి వచ్చింది. ఎస్‌ఓపీలో దీని గురించి ఉన్నది ఒకటే వాక్యం: “అవసరాన్ని బట్టి యాంటీఫోమ్ కలపాలి.” యాంటీఫోమ్ అంటే నురగను అణిచే పదార్థం. ఆ అవసరాన్ని చూడగానే పసిగట్టే పెద్దాయన అంతకు రెండు నెలల ముందే ఉద్యోగ విరమణ చేశారు. డీవియేషన్ (విధానం తప్పిన ఘటన) నివేదికలో మూలకారణం “మానవ తప్పిదం” అని, దిద్దుబాటు “మళ్లీ శిక్షణ” అని రాశారు. ఆ కుర్రాడికి అదే ఎస్‌ఓపీ మళ్లీ ఇచ్చి, మళ్లీ సంతకం తీసుకున్నాం. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అనుభవం ఉన్న ఆపరేటర్లకు తెలిసిన మెళకువలు, పాత డీవియేషన్లలో నిజంగా జరిగినవి, చిన్న వీడియోలు అన్నీ ఒకచోట చేర్చి, వాటి ఆధారంగా శిక్షణ నడపాలని ప్రతిపాదించాను. క్వాలిటీ విభాగం ఒప్పుకోలేదు. కానీ 2008లో వచ్చిన ఐసీహెచ్ క్యూ10 అనే అంతర్జాతీయ ఔషధ మార్గదర్శకం నాణ్యతా వ్యవస్థకు రెండు ఊతాలు చెప్పింది: రిస్క్ నిర్వహణ, జ్ఞాన నిర్వహణ. మొదటిదానికి మా దగ్గర ఎస్‌ఓపీ ఉంది, ఫారాలు ఉన్నాయి, ఏటా సమీక్ష ఉంది. రెండోదానికి ఒక్క కాగితం లేదు. మీ అభిప్రాయం చెప్పండి.

నాణ్యత కాపరి:

నేను మరో సంస్థలో క్వాలిటీ వైపు ఉన్నాను. మీ దగ్గర కాదన్నవారి తరఫున మాట్లాడతాను, ఎందుకంటే నేనైనా కాదనేవాడినే.

అమెరికా ఔషధ తయారీ నిబంధన 211.100 చాలా సూటిగా ఉంటుంది. రాతపూర్వక విధానాన్ని పాటించాలి, చేస్తున్నప్పుడే నమోదు చేయాలి, తప్పితే ఆ తప్పడాన్ని రాసి కారణం చూపాలి. ఆపరేటరు ముందు ఎస్‌ఓపీ ఒకటి, “మెళకువల సంచయం” ఒకటి ఉండి రెండూ వేర్వేరుగా చెబితే అతను దేన్ని పాటించాలి? రెండోదాన్ని ఎవరు ఆమోదించారు? ఏ వెర్షన్ ఎప్పటిది?

మీ యాంటీఫోమ్ సంగతే తీసుకుందాం. “నురగ కనిపించగానే కాస్త ఎక్కువే వేసేయండి, బ్యాచ్ దక్కుతుంది” అని ఒక సీనియర్ వీడియోలో చెప్పారనుకోండి. ఎక్కువ వేస్తే ద్రవంలోకి ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది, కణాలు నీరసిస్తాయి. శుద్ధి చేసే దశకు వెళ్లాక ఫిల్టర్లు త్వరగా పూడుకుపోతాయి. అక్కడి వాళ్లకు కారణం తెలియక ఇంకో డీవియేషన్ తెరుస్తారు. అనుభవజ్ఞుడికి తన ట్యాంకు తెలుసు, తన ట్యాంకు దాటాక జరిగేది తెలియకపోవచ్చు. అందుకే సమీక్ష లేని మెళకువంటే నాకు భయం.

తుర్కపల్లి రాత్రి షిఫ్టు:

అయ్యా, నేను పదిహేడేళ్లుగా ఆపరేటరుగా పనిచేస్తున్నాను. తెలుగు మాధ్యమంలో చదివి, ఐటీఐ చేసి ఇందులోకి వచ్చాను. మొదటి ఏడాది ఇంగ్లీషు ఎస్‌ఓపీలో సగం నాకు అర్థం కాలేదు. సంతకం మాత్రం పెట్టాను. పెట్టకపోతే లోపలికి పంపరు.

నాకు పని నేర్పింది ఒక చిన్న డైరీ. మా ఇన్‌చార్జి చెప్పినవీ, నేను చూసినవీ తెలుగులో రాసుకునేవాడిని. ఏ వాల్వు కొద్దిగా బిగుసుకుంటుంది, శాంపిల్ పోర్టుకు ఆవిరి పట్టేటప్పుడు ఏ చప్పుడు వస్తే ట్రాప్ సరిగా పనిచేయడం లేదని అర్థం, కాలమ్ ప్యాక్ చేసే ముందు రెసిన్‌ను ఎంత మెల్లగా కలపాలి, ఇలాంటివి. ఒక ఆడిట్‌కు ముందు లాకర్లు తనిఖీ చేసి, అనధికార పత్రమని ఆ డైరీ తీసుకున్నారు. నియమం ప్రకారం అది సరైన పనే. కానీ దాన్ని చింపి పారేసే ముందు ఎవరూ తెరిచి చదవలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

సెల్ కల్చర్ విద్యార్థిని:

ఒక సందేహం. వయల్స్ (మందు సీసాలు) నింపే, సూక్ష్మజీవులు చేరకుండా చూసే ఎసెప్టిక్ గదిలోకి వెళ్లేవారికి సంతకం ఒక్కటే చాలదు కదా? గౌను వేసుకుని చూపించాలి, మందుకు బదులు పోషక ద్రవం నింపే మీడియా ఫిల్‌లో పాల్గొని నెగ్గాలి. ఐరోపా జీఎంపీ (మందుల తయారీ నియమాలు) కొత్త అనెక్స్ 1 ప్రకారం ప్రతి ఆపరేటరు కనీసం ఏడాదికి ఒకసారి అందులో పాల్గొనాలి. అక్కడ చేతితో చేసి చూపించమని అడిగేవాళ్లం, బయోరియాక్టరు దగ్గర చదివితే చాలని ఎలా అనుకుంటున్నాం?

నాణ్యత కాపరి:

మంచి ప్రశ్న. బయోరియాక్టరు దగ్గర తప్పు జరిగితే సాధారణంగా బ్యాచ్ పోతుంది, నింపే దగ్గర తప్పు జరిగితే రోగి ప్రాణానికే ముప్పు. నియంత్రణ సంస్థలు అక్కడ ఎక్కువ బిగించడానికి కారణం అది. కానీ “చదివితే చాలు” అని ఏ నియంత్రణ సంస్థా అనలేదు. చదవడం చాలని మన సంస్థలే నిర్ణయించుకున్నాయి.

బోస్టన్ తెలుగు:

బ్యాచ్ పోవడం చిన్న సంగతి కాదండీ. నేను ఉండే ఊరికి దగ్గరలోనే జరిగిన ఉదంతం చెబుతాను, ఇదంతా బహిరంగంగా ఉన్న సమాచారమే. ఆల్‌స్టన్‌లోని జెన్‌జైమ్ ప్లాంటులో 2009 జూన్‌లో ఒక బయోరియాక్టరులో వెసివైరస్ 2117 బయటపడింది. ఉత్పత్తి ఆపి ప్లాంటు మొత్తం శుద్ధి చేశారు. గోషే వ్యాధికి వాడే సెరెజైమ్, ఫాబ్రీ వ్యాధికి వాడే ఫాబ్రజైమ్ కొరత వచ్చింది. అరుదైన జబ్బులు, వేరే మందు దొరకడం కష్టం. రోగులు తమ డోసులు తగ్గించుకోవాల్సి వచ్చింది.

నన్ను ఆలోచింపజేసిన విషయం మరొకటి. 2008లోనే ఆల్‌స్టన్‌లో ఒకసారి, బెల్జియంలోని గీల్ ప్లాంటులో ఒకసారి కణాల ఉత్పాదకత ఉన్నట్టుండి పడిపోయింది. అదీ ఇదే వైరస్ పనేనని 2009లో సంస్థ చెప్పింది. అప్పటి మామూలు పరీక్షలు దాన్ని పట్టుకోలేకపోయాయి. ఖండానికొకటిగా ఉన్న రెండు ప్లాంట్లలో, ఏడాది ముందే, ఒకే రకం హెచ్చరిక వచ్చిందన్నమాట.

ఆ తర్వాత 2010లో ఎంఐటీలో ఒక కన్సార్షియం (సంస్థల కూటమి) ఏర్పడింది. సంస్థలు తమ పేర్లు బయటపెట్టకుండా వైరస్ కాలుష్య ఘటనల వివరాలు అక్కడ ఇస్తాయి. 26 ఘటనల విశ్లేషణ 2020లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చింది. పోటీ సంస్థలే ఒకరి తప్పులు ఒకరు చదువుకోగలిగినప్పుడు, ఒకే ప్లాంటులో పగటి షిఫ్టుకు తెలిసింది రాత్రి షిఫ్టుకు చేరకపోవడాన్ని మనం ఎలా సమర్థించుకుంటాం?

తనిఖీ ఫైలు:

మీ అందరితో నాకు ఒక పేచీ ఉంది. తెలియకపోవడమే సమస్య అన్నట్టు మాట్లాడుతున్నారు. బాల్టిమోర్‌లోని ఎమర్జెంట్ బయోసొల్యూషన్స్ సంగతి చూడండి. 2021లో జాన్సన్ అండ్ జాన్సన్ కోవిడ్ టీకా పదార్థంలో, అదే ప్లాంటులో తయారవుతున్న ఆస్ట్రాజెనెకా టీకా వైరస్ కలిసిపోయింది. దాదాపు 1.5 కోట్ల డోసులకు సరిపడే పదార్థం వృథా అయింది. ఏప్రిల్ తనిఖీ నివేదికలో, ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూసే విషయంలో సిబ్బందికి తగిన శిక్షణ లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రాసింది. అయితే అంతకు ఏడాది ముందు, 2020 ఏప్రిల్‌లోనే అక్కడ తనిఖీ జరిగి లోపాలు నమోదయ్యాయి. ఉన్న లోపాలు కాగితం మీద ఉన్నాయి, చదవాల్సినవారికి అందాయి. అయినా పని ఒత్తిడి గెలిచింది.

మీరు ఎంత గొప్ప సంచయం కట్టినా, ముగ్గురు చేయాల్సిన షిఫ్టు ఇద్దరితో నడిపితే ఎవరు తెరిచి చూస్తారు? ముందు మనుషుల్ని పెట్టమనండి.

శిక్షణ బాధ్యురాలు:

తనిఖీ ఫైలు గారూ, కాదనను. ఆ రాత్రి మా దగ్గర కూడా ఒక మనిషి తక్కువే. కానీ నివేదికలో ఆ మాట ఎక్కడా లేదు. “మానవ తప్పిదం” అని రాసేస్తే మనుషులు తక్కువన్న సంగతీ, ఎస్‌ఓపీలో వాక్యం అస్పష్టంగా ఉందన్న సంగతీ రెండూ దాని కింద కప్పబడిపోతాయి. ఐరోపా జీఎంపీ మొదటి అధ్యాయం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: మనిషి తప్పు అని తేల్చాలంటే దాన్ని సమర్థించుకోవాలి, ప్రక్రియలో, విధానంలో, వ్యవస్థలో ఉన్న లోపాన్ని చూడకుండా వదిలేయలేదని నిర్ధారించుకోవాలి. నేను కోరే సంచయంలో మొదట చేరాల్సింది మెళకువలు కాదు, ఇలా సగంలో ఆగిపోయిన మూలకారణాలే.

నాణ్యత కాపరి గారు రెండు పత్రాల గొడవ అన్నారు. నిజమే, అందులో నేను వెనక్కి తగ్గుతున్నాను. పక్కన మరో పుస్తకం పెట్టను. ఆపరేటరు చెప్పింది ప్రాసెస్ డెవలప్‌మెంట్ వాళ్లు పరీక్షించాలి. నిలబడితే చేంజ్ కంట్రోల్ (మార్పులను సమీక్షించి ఆమోదించే పద్ధతి) ద్వారా ఎస్‌ఓపీలోకే వెళ్లాలి. ఆ అడుగు ఎందుకు వచ్చిందో, ఏ డీవియేషన్ తర్వాత వచ్చిందో శిక్షణలో చెప్పాలి. తెలుగులో చెప్పాలి. చివర్లో సంతకానికి బదులు ట్యాంకు దగ్గర నిలబడి చేసి చూపించాలి.

నాణ్యత కాపరి:

ఇలాగైతే నేను సంతకం పెడతాను. రెండు షరతులు. తెలుగు వివరణకూ వెర్షన్ సంఖ్య ఉండాలి, ఎస్‌ఓపీ మారిన రోజే అదీ మారాలి. ప్రతి మెళకువకూ తర్వాతి దశ వాళ్ల సమ్మతి ఉండాలి. దీనివల్ల నెమ్మదిస్తుంది, ఒక్కో వాక్యానికి నెల పట్టవచ్చు. ఆ ఓపిక మీ యాజమాన్యానికి ఉందా అన్నది నా అనుమానం.

డైరీ గురించి రాసిన ఆపరేటరు గారికి: నేను కూడా అలాంటి డైరీలు తీసుకున్నాను. చదవలేదు. ఇకపై చదువుతాను.

శిక్షణ బాధ్యురాలు:

ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడుతున్నాను. “అవసరాన్ని బట్టి” అన్నది తీసేసి ఇలా రాశాను: “నురగ సైట్ గ్లాసు కింది అంచును తాకగానే నిర్ణీత మోతాదు యాంటీఫోమ్ కలపాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. రెండో మోతాదుకు ముందు సూపర్‌వైజరుకు చెప్పాలి.” మోతాదు, ఆగే సమయం పరీక్షించాక ఖాయం చేస్తాం. సరిపోతుందా?

తుర్కపల్లి రాత్రి షిఫ్టు:

మేడమ్, గాజును నమ్ముకోకండి. గది చల్లగా ఉన్నప్పుడు లోపలి తేమ గాజుకు పట్టి నురగ అసలు ఎత్తు కనిపించదు. పీడనం అంకె కూడా చాలాసేపు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే ఫిల్టరు పూడుకుపోతున్న కొద్దీ కంట్రోల్ వాల్వు ఇంకొంచెం తెరుచుకుని దాన్ని నిలబెడుతుంది. తెర మీద ఆ వాల్వు ఎంత శాతం తెరుచుకుందో చూడమని రాయండి. రోజూ ఉండేదానికంటే అది మెల్లగా పెరుగుతోందంటే ఫిల్టరు తడవడం మొదలైనట్టే. నా డైరీలో ఇది మూడో పేజీలో ఉండేది.