వృద్ధాశ్రమంలో మంచాలు, కుర్చీలు: అన్నీ ఒకే రకం కొనాలా, ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలా?

పటమట ట్రస్టు సభ్యుడు

అందరికీ నమస్కారం. విజయవాడ శివార్లలో మా ట్రస్టు ఒక వృద్ధాశ్రమం కడుతోంది. గోడలు లేచాయి, టైల్స్ పని నడుస్తోంది. పన్నెండు గదులు, గదికి ఇద్దరు, మొత్తం 24 మంది. అంతా సాఫీగా వచ్చి ఫర్నిచర్ దగ్గర కమిటీలో పేచీ పడింది.

కొందరి మాట: ఆసుపత్రిలో ఉండే ఇనప మంచాలు, ఒకే సైజు బీరువాలు, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ ఒకే ఆర్డర్లో తెప్పిద్దాం. రేటు తగ్గుతుంది, దాతలకు లెక్క చూపించడం తేలిక, కడగడం తేలిక. మిగతావాళ్ళ మాట: వచ్చేవాళ్ళు ఇంటి మంచం, ఇంటి కుర్చీ తెచ్చుకుంటామంటే తెచ్చుకోనివ్వాలి, లేనివాళ్ళకే మనం ఇవ్వాలి. నాకైతే మొదటిదే సబబనిపిస్తోంది. ఒక దాతగారు ప్రతి మంచం తలాపి మీద తన పేరు రాయించమంటున్నారు, అది ఇంకో తలనొప్పి. ఈ పనులు చూసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ ఈఈ, గుంటూరు

ఒకే రకం పెట్టండి, ఇందులో ఆలోచించేదేం లేదు. ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి అన్నారంటే మీ ఆశ్రమం పాతసామాన్ల కొట్టయిపోతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేయడానికి మనసొప్పని ప్రతి వస్తువునీ పిల్లలు అమ్మానాన్నల వెనకాలే పంపించేస్తారు. పాత మంచం పట్టెల సందుల్లో, నవారు మడతల్లో నల్లులుంటాయి. ఒక్క గదిలోకి వచ్చాయంటే మిగతా గదులకి పాకడానికి ఎంతోసేపు పట్టదు. చెదల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకోటి. గదికి ఇద్దరన్నారు. ఒకాయనది నగిషీ చెక్కిన టేకు మంచం, పక్కాయనది మీరిచ్చిన ఇనప మంచం. ఇక ఆ గదిలో రోజూ ఎవరి పిల్లలు ఏం సంపాదించారన్న లెక్కే.

2007 సీనియర్ సిటిజన్స్ చట్టం 19వ సెక్షన్ చూడండి. జిల్లాకి కనీసం ఒకటి, 150 మందికి తగ్గకుండా సరిపడే వృద్ధాశ్రమం అన్నారు. అంతమందిని నడిపేచోట ఎవరి మంచం వాళ్ళదంటే కుదిరే పనేనా?

అమరావతి రోడ్డు అమ్మాయి

ఈఈ గారూ, ఆ సెక్షన్ నిరుపేద వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టే ఆశ్రమాల గురించండి. ఇక్కడ మాట్లాడుతున్నది 24 మంది గురించి.

మా అమ్మ గుంటూరులో ఒక హోమ్‌లో ఉంటోంది. పేరెందుకులెండి. మంచం వాళ్ళదే, దానితో మాకు పేచీ లేదు. ఇంట్లో తను కూర్చునే చేతుల కుర్చీ తీసుకెళ్తామంటే మాత్రం "అన్నీ ఒకేలా ఉండాలమ్మా" అన్నారు. వాళ్ళిచ్చింది చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. అందుకని కుర్చీని కిటికీ పక్కకి లాక్కుని కూర్చుంటుంది, ఊచ పట్టుకుని లేవడానికి. టీవీ హాల్లో కిటికీ పక్కన రెండు కుర్చీలే పడతాయి. ఆ రెండూ నిండితే అమ్మ గదిలోంచి కదలదు. ఇప్పుడు సీరియల్ టైముకి కూడా హాల్లోకి రావడం మానేసింది. "మీ అమ్మగారు ఎవరితోనూ కలవరండీ" అని సూపర్‌వైజర్ నాకే ఫోన్ చేసి చెప్తుంది!

వార్డు సిస్టర్

ఆ కిటికీ ఊచ దగ్గరే ఉందండీ అసలు సంగతి. నేను ఆసుపత్రిలోనూ చేశాను, ఆ తర్వాత వృద్ధాశ్రమంలోనూ చేశాను. కమిటీలన్నీ మంచాల గురించే కొట్టుకుంటాయి. తిరగగలిగిన పెద్దవాళ్ళు పగలంతా ఉండేది కుర్చీలో. అది సరిగ్గా లేకపోతే మంచం ఎక్కుతారు, ఎక్కినవాళ్ళు దిగరు. నాలుగు వారాలు అలా పడుకుంటే కాళ్ళలో ఉన్న కాస్త సత్తువా పోతుంది.

ముందు ఎత్తు. మామూలుగా కుర్చీ సీటు 18 అంగుళాలుంటుంది. పొడుగు మగవాళ్ళకీ, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకీ అది బాగుంటుంది, ఎందుకంటే తుంటికంటే మోకాలు పైకి రాకూడదు. మన పొట్టి మామ్మలకి అదే కుర్చీ వేస్తే పాదాలు నేలకి ఆనవు, తొడ కింద నరం నొక్కుకుపోయి తిమ్మిరెక్కుతుంది. వాళ్ళకి 16 చాలు. రెండు ఎత్తుల్లోనూ కావాలి మీకు. సీటు లోతు కూడా చూడండి. సోఫాలా లోపలికి కూరుకుపోయేదైతే ఇద్దరు ఆయాలు చెరో చెయ్యీ పట్టి లాగాల్సిందే.

రంగు గురించి ఎవరూ అడగరు. మీరు వేస్తున్నది తెల్ల టైల్సేనా? తెల్ల టైల్స్ మీద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ శుక్లాలున్నవాళ్ళకి సరిగ్గా ఆనదు. సీటు ఎక్కడ మొదలైందో తెలియక అంచు మీద కూర్చుని జారిపోతారు. ముదురు గోధుమో, మెరూనో తీసుకోండి.

ఇక ఇనప మంచాలు. ఆసుపత్రి మంచం డాక్టరుకీ నర్సుకీ వీలుగా చేసింది. దాదాపు రెండడుగుల ఎత్తు, పైన పరుపు. రాత్రి బాత్రూమ్‌కి లేచినావిడ దానిమీంచి దిగాలంటే దూకినట్టే. దిగడానికి స్టూలు వేస్తారు, చీకట్లో ఆ స్టూలు తన్నుకునే పడతారు. పక్కన కటకటాలు పెట్టిస్తే సరిపోతుందనుకోకండి. మతి స్థిమితం తప్పినవాళ్ళు వాటినీ ఎక్కి దాటబోతారు, అప్పుడు పడేది ఇంకా పైనుంచి. నడవగలిగేవాళ్ళకి పరుపుతో కలిపి మోకాలెత్తు మంచం చాలు.

పూర్తిగా మంచాన పడ్డవాళ్ళ విషయం వేరు. వాళ్ళకి హ్యాండిల్ తిప్పితే తల వైపు లేచే ఆసుపత్రి మంచమే కావాలి. మోకాలెత్తు మంచం మీద వాళ్ళకి రోజూ ఒళ్ళు తుడిచి, రెండేసి గంటలకి పక్క మార్చాలంటే ఆయాల నడుములు పోతాయి. నడుం పోయిన ఆయా మానేస్తుంది, కొత్తావిడ దొరకదు. అలాంటివి మొత్తం మీద నాలుగైదు చాలేమో మీకు.

దాత పేరు గోడ మీద రాయించండి. పొద్దున్నే కళ్ళు తెరవగానే తలాపి మీద ఇంకొకరి పేరు చూడాల్సిన ఖర్మ వాళ్ళకెందుకు?

సింగ్ నగర్ వాసి

ఎత్తు, రంగు సరే. కట్టేది ఎక్కడ? 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా కాలనీల్లో రోజుల తరబడి నిలిచాయి. పార్టికల్ బోర్డుతో చేసిన మంచాలు, అలమరాలు అట్టల్లా ఉబ్బి ఊడిపోయాయి. ఇనప బీరువాలు అడుగు తుప్పు పట్టాయి గానీ నిలబడ్డాయి. గట్టి చెక్క మంచాలు ఎండబెట్టుకుని మళ్ళీ వాడుకున్నాం. తక్కువ రేటుకి వస్తుందని సన్‌మైకా అంటించిన బోర్డు సామాను మాత్రం కొనకండి. వరద దాకా ఎందుకు, రోజూ తడి మాపు పెట్టినా కింది అంచు నానిపోతుంది.

తెనాలి చెక్కపని

సిస్టర్ గారు చెప్పినవి మాకు ఎవరూ చెప్పరండీ. "కుర్చీకి ఎంత?" అనే అడుగుతారు. నాలుగు మాటలు నావీ వినండి.

చేతులున్న కుర్చీ అనగానే ఏదో ఒకటి తేవద్దు. పెద్దవాళ్ళు లేచేటప్పుడు చేతి చివర పట్టుకుని కిందకి నొక్కుతారు. చెయ్యి సీటు ముందు అంచు దాకా రావాలి, ముందు కాలు దాన్ని నేరుగా మోయాలి. చూడ్డానికి అందంగా ఉంటుందని చేతిని సగంలో వంచేసిన కుర్చీలు వస్తున్నాయి. నొక్కగానే అవి ముందుకి తూలతాయి. ముందు కాళ్ళ మధ్య అడ్డపట్టీ ఉండకూడదు. లేచే మనిషి పాదాలు సీటు కిందకి లాక్కోవాలి కదా, పట్టీ ఉంటే మడమ తగులుతుంది. బలానికి పట్టీ కావాలంటే పక్కలకీ వెనకకీ వేస్తాం. కాళ్ళ కింద రబ్బరు బుష్‌లు టైల్స్ మీద త్వరగా అరిగిపోతాయి. అవి లేకపోతే కుర్చీ జారుతుంది, అందుకని కొన్నప్పుడే ఇంకో రెండు జతలు తీసిపెట్టుకోండి.

మంచాలకి నాలుగు మూలలా దోమతెర కర్రలు గుచ్చేందుకు గొట్టాలు ముందే పెట్టించుకోండి. తర్వాత పెట్టిస్తే గోడకి మేకులు, మేకులకి తాళ్ళు, ఆ తాళ్ళకి కాళ్ళు. చెక్కకి టేకే కావాలని పట్టుపట్టకండి. చేవ ఉన్న వేప చాలు. చదరపు గొట్టం ఫ్రేముకి పౌడర్ కోటింగ్ వేయించి సీటూ చేతులూ మాత్రం చెక్కతో చేయించినా బాగుంటుంది. మే నెలలో కరెంటు పోయినప్పుడు ఉత్త ఇనుము మీద చెయ్యి పెట్టలేరు.

రిటైర్డ్ ఈఈ, గుంటూరు

అందరూ బాగా చెప్పారు. ఒక్కరూ డబ్బు మాట ఎత్తలేదు. రెండు ఎత్తుల కుర్చీలు, రెండు రకాల మంచాలు, విడిగా బుష్‌లు! ట్రస్టు వాళ్ళు పెళ్ళి సామాను కొంటున్నారా? ఇంకో ప్రశ్న. ఒకావిడ కుర్చీ తెచ్చుకుంది. రెండేళ్ళకి ఆవిడ పోయింది. ఆ కుర్చీ ఎవరిది? పిల్లలు అమెరికా నుంచి వచ్చి తీసుకెళ్తారా? స్టోర్ రూమ్‌లో పెట్టి మీరే దుమ్ము దులపాలా?

బ్రాడీపేట పెద్దాయన

మా మనవరాలు టైప్ చేసి పెడుతోంది. నాకు ఎనభై దాటాయి. మూడేళ్ళుగా ఆశ్రమంలో ఉంటున్నాను. ఈ చర్చలో నా వయసువాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి రెండు ముక్కలు చెప్పనివ్వండి నాయనా.

ఇంటి మంచం కోసం నేనేం బెంగ పెట్టుకోలేదు. మా ఆవిడ పోయాక ఆ మంచం చూడాలనీ లేదు. నాక్కావలసింది మంచం పక్కన చిన్న టీపాయ్, అది నాదిగా ఉండాలి. కళ్ళజోడు, పళ్ళసెట్టు గిన్నె, మందుల డబ్బా, మంచినీళ్ళ చెంబు, రేడియో. చెయ్యి చాస్తే అందాలి. ఇక్కడ ఇద్దరికీ కలిపి మధ్యలో ఒకటి వేశారు. అది పక్కాయన వైపుకే జరుగుతూ ఉంటుంది.

బీరువా ఎంత పెద్దదని కొలుస్తున్నారు, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందు చెప్పండి. మా దగ్గర తాళాలన్నీ ఆఫీసులో ఒక పలక మీద తగిలించి ఉంటాయి. పండక్కి మంచి పంచె తీసుకోవాలన్నా మేనేజరు వచ్చేదాకా ఆగాలి. బీరువా చిన్నదైనా పరవాలేదు, దాని తాళం చెవి నా మొలతాడుకి ఉండాలి. రెండో తాళం ఆఫీసులో పెట్టుకోండి, కాదన్నదెవరు?

మంచం ఏ గోడకి ఆనించాలో కూడా మమ్మల్నే అడగండి. మా పక్కాయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆయన మంచం ఎడమ వైపు గోడకి ఆనించారు. దిగాలంటే పనిచేయని వైపు నుంచే దిగాలి. మంచం తిప్పమని అడిగితే ఫ్యాన్ కింద వరస చెడిపోతుందన్నారు.

వార్డు సిస్టర్

తాతగారూ, దండం మీకు. మంచం ఎటు తిప్పాలో నేను మరిచిపోకుండా రాయాల్సిన సంగతి, మీరే చెప్పారు. ట్రస్టు సభ్యుడు గారూ, రెండు మంచాల మధ్య కనీసం మూడడుగులు, చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగులు ఖాళీ ఉంచండి. గది కొలతలో అవి పట్టకపోతే బీరువా ఎత్తుగా, సన్నగా తీసుకోండి. పై అర మాత్రం ఆయాల కోసమే. పెద్దవాళ్ళు స్టూలు ఎక్కకూడదు.

ఈఈ గారూ, డబ్బు మాట ఎత్తుతున్నాను. ఒక్కరు పడి తుంటి విరిగితే ఆపరేషన్ ఖర్చులో ఎన్ని మంచి కుర్చీలు వస్తాయో మీరే లెక్క కట్టండి.

పటమట ట్రస్టు సభ్యుడు

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ సాయంత్రం కమిటీకి ఇది మొత్తం చదివి వినిపించాను. మంచాలన్నీ ఒకే రకం అనే మాట వెనక్కి తీసుకున్నాం. నాలుగు ఆసుపత్రి మంచాలు, ఇరవై తక్కువ ఎత్తువి. అవి కూడా అన్నీ ఒకేసారి కాదు. ముందు ఒక్క గది పూర్తిగా సర్ది, మా కమిటీ సభ్యుల అమ్మానాన్నలని రప్పించి కూర్చోబెట్టి, పడుకోబెట్టి చూస్తాం. వాళ్ళు లేవలేకపోయిన కుర్చీ మళ్ళీ వడ్రంగి దగ్గరికే. బీరువాకి రెండు తాళాలు, ఒకటి మనిషి దగ్గరే.

ఇంటి నుంచి మంచం మాత్రం వద్దనుకున్నాం, నల్లుల భయం పోలేదు. కుర్చీ, టీపాయ్ తెచ్చుకోవచ్చు. ఎండలో పెట్టి, సందులన్నీ చూసి లోపలికి తీసుకుంటాం. మనిషి వెళ్ళిపోయాక నెలలోపు పిల్లలు తీసుకెళ్ళకపోతే అది ఆశ్రమానిదే అని చేరేటప్పుడే ఫారంలో రాయించుకుంటాం.

దాతగారు మాత్రం ఇంకా అలిగే ఉన్నారు.

రిటైర్డ్ ఈఈ, గుంటూరు

కుర్చీ తెచ్చుకోనిస్తే రేపు ఊయల బల్ల తెస్తారు, ఎల్లుండి పూజ మందిరం తెస్తారు. నా మాట గుర్తుపెట్టుకోండి.

అమరావతి రోడ్డు అమ్మాయి

పూజ మందిరం తెస్తే తప్పేంటండీ? గోడకి ఒక చిన్న అర కొట్టించండి, కూర్చుని దండం పెట్టుకునే ఎత్తులో. మా అమ్మ ఉన్నచోట దేవుడి పటం స్విచ్ బోర్డు మీద ఆనించి పెట్టుకుంది.

తెనాలి చెక్కపని

సార్, అర సంగతి ఇప్పుడే తేల్చుకోండి, గోడలకి రంగు వేశాక కొడితే మళ్ళీ పెచ్చులు. శాంపిల్ గదికి రెండు కుర్చీలు 16, రెండు 18 చేసి తెస్తాను, నచ్చకపోతే డబ్బులివ్వొద్దు. టైల్స్, స్కర్టింగ్ పూర్తయ్యాక గది కొలత మళ్ళీ తీయండి, అంగుళం అటూ ఇటూ అవుతుంది. గది గుమ్మాలు ఎంత పెట్టారు? బిగించాక గుమ్మం లోపలి వెడల్పు మూడడుగులు లేకపోతే తలుపు పెట్టకముందే మేస్త్రికి చెప్పండి, చక్రాల కుర్చీ తర్వాత ఇరుక్కుంటుంది.