సిమ్యులేటర్ మీద కుదిరిన చెయ్యి రోగి దగ్గర కుదురుతుందా?

ప్రశ్న – యూరాలజీ రెండో సంవత్సరం రెసిడెంట్

నమస్కారం. మా విభాగానికి ఇటీవల ఒక వర్చువల్ రియాలిటీ సిమ్యులేటర్ వచ్చింది. అందులో మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళంలోకి కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని (స్కోపు) పంపే యూరెటెరోస్కోపీ అభ్యాసాలూ, మూత్రపిండంలోని రాయి కోసం వీపు వైపు నుంచి సూది గుచ్చే పీసీఎన్ఎల్ పంక్చర్ అభ్యాసాలూ ఉన్నాయి. మూడు వారాలుగా ప్రతి సాయంత్రం గంటసేపు సాధన చేస్తున్నాను. స్కోరు రోజురోజుకూ మెరుగుపడుతోంది. అయితే గత వారం థియేటర్‌లో మొదటిసారి స్కోపు నా చేతికిచ్చినప్పుడు, తెర మీద ఒక్క క్షణంలో దాటిపోయే మూత్రనాళ ద్వారం దగ్గరే ఆగిపోయాను. ఎంత బలం వాడవచ్చో, ఎక్కడ ఆగాలో చేతికి తెలియలేదు. మా సీనియర్ స్కోపు అందుకుని పని పూర్తి చేశారు. రోగికి ఏ ఇబ్బందీ కలగలేదు గానీ, ఈ సాధన నిజంగా రోగి దగ్గర పనికి వస్తుందా అన్న సందేహం నన్ను వదలడం లేదు. అలాగే, స్కాన్ నుంచి తయారుచేసిన మూత్రపిండం నమూనాను ఆపరేషన్ జరుగుతుండగానే అవయవం మీద చూపించే ఆగ్మెంటెడ్ రియాలిటీని ఎంతవరకు నమ్మవచ్చు? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

సమాధానం – శిక్షణనిచ్చే యూరాలజిస్టు

పనికి వస్తుందండి. అయితే ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు, ఏ స్థాయి అందుకునేదాకా కూర్చున్నారన్నది ముఖ్యం. 2002లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనం పిత్తాశయ శస్త్రచికిత్సకు సంబంధించినదే అయినా, మనకు కావలసిన విషయం అందులో ఉంది. 16 మంది రెసిడెంట్లలో సగం మందికి మామూలు శిక్షణతో పాటు వర్చువల్ రియాలిటీ సాధన కూడా ఇచ్చారు. అనుభవమున్న సర్జన్లు అదే యంత్రం మీద సాధించిన స్థాయిని అందుకునేదాకా వాళ్ల సాధన కొనసాగింది. తర్వాత నిజమైన ఆపరేషన్‌లో వాళ్లు పిత్తాశయాన్ని 29 శాతం వేగంగా వేరుచేశారు. పిత్తాశయాన్ని గాయపరచడం, పక్క కణజాలాన్ని కాల్చడం వంటి పొరపాట్లకు సాధన లేనివారిలో ఐదు రెట్లు ఎక్కువ అవకాశం కనిపించింది.

ఇక మీరు ఆగిపోయిన చోటు గురించి. దారి గుర్తుపట్టడం, స్కోపుకు దారి చూపే సన్నని తీగ అయిన గైడ్ వైర్‌ను చూపు దాటిపోనివ్వకపోవడం, కదిలే ఎక్స్‌రే చిత్రం చూపే ఫ్లోరోస్కోపీ పెడల్‌ను అవసరానికి మించి తొక్కకపోవడం యంత్రం బాగా నేర్పుతుంది. పైగా ఆ సాధనలో ఎవరికీ రేడియేషన్ తగలదు. కానీ నిజమైన మూత్రనాళపు బిగువును అది చేతికి పూర్తిగా అందించలేదు. సెమీ రిజిడ్ (కొద్దిగా మాత్రమే వంగే) స్కోపును వైర్ వెంట తీసుకెళ్లినప్పుడు మొన ద్వారం అంచుకు తగిలిందనిపిస్తే, నెట్టకుండా స్కోపును మెల్లగా 180 డిగ్రీలు తిప్పి చూడండి: వైర్ ద్వారపు పై పెదవిని గుడారంలా ఎత్తిపడుతుంది, మొన దాని కిందినుంచి జారుతుంది. అప్పటికీ బిగువుగానే ఉంటే స్టెంట్ (మూత్రనాళంలో ఉంచే సన్నని గొట్టం) వేసి, కొద్ది రోజులాగి మళ్లీ రావడమే మేలు. బలవంతం చేస్తే మూత్రనాళం చిరగవచ్చు, అరుదుగా పూర్తిగా తెగిపోవచ్చు కూడా. మీరు ఆగి స్కోపు అప్పగించడం సరైన పనే. దాన్ని వైఫల్యంగా లెక్కపెట్టుకోకండి.

సమాధానం – రోబోటిక్ శస్త్రచికిత్సలు చేసే యూరాలజిస్టు

ఆగ్మెంటెడ్ రియాలిటీలో నమూనా తయారుచేయడం కంటే, దాన్ని అవయవం మీద సరిగ్గా కూర్చోబెట్టి అక్కడే నిలపడం చాలా కష్టం. సీటీ తీసేటప్పుడు రోగి సాధారణంగా వెల్లకిలా పడుకుని ఊపిరి బిగబట్టి ఉంటారు. ఆపరేషన్ బల్ల మీద పక్కకో బోర్లాకో తిప్పుతాం, మూత్రపిండం ప్రతి శ్వాసకూ కదులుతుంది, చుట్టూ ఉన్న కొవ్వు నుంచి విడదీశాక దాని ఆకారమూ మారుతుంది. 2012లో జర్మనీలోని హైల్‌బ్రాన్ వైద్యబృందం ఐప్యాడ్ సాయంతో పీసీఎన్ఎల్ పంక్చర్ చేసిన అనుభవాన్ని ప్రచురించినప్పుడు, రోగి చుట్టూ గుర్తులు అమర్చి బోర్లా భంగిమలోనే సీటీ తీయడం వెనుక కారణం ఇదే.

కణితి మూత్రపిండం లోతుల్లో దాగి పైకి కనిపించనప్పుడు, ధమని ఏ కొమ్మ దాన్ని పోషిస్తోందో తెలుసుకోవలసినప్పుడు త్రీడీ నమూనా నిజంగా విలువైనది. ఇటలీలోని ట్యూరిన్ బృందం కణితి ఉన్న భాగం వరకే మూత్రపిండాన్ని తొలగించే పార్షియల్ నెఫ్రెక్టమీలో ఈ దిశగా చాలా పనిచేసింది. నా మటుకు నేను, కోత గీత గీసే ముందు అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను మూత్రపిండం మీద ఆనించి కణితి అంచును స్వయంగా చూడనిదే కత్తెర ముట్టను. ఒక కేసులో తెర చూపిన అంచుకూ అల్ట్రాసౌండ్ చూపిన అంచుకూ వేలి మందం తేడా వచ్చింది, అల్ట్రాసౌండ్‌నే నమ్మాను. ఇంకొక మాట: రంగురంగుల బొమ్మ మీద చూపు అతుక్కుపోతే, దాని పక్కనే మొదలైన చిన్న రక్తస్రావం కంటబడకపోవచ్చు. అందుకే అవసరమైన దశలోనే నమూనాను తెర మీదికి తెచ్చి, చూడగానే తీసేయమంటాను.

సమాధానం – చివరి సంవత్సరం రెసిడెంట్

మీ స్కోరు దేనివల్ల పెరుగుతోందో ఒకసారి చూడండి. నేను మొదట్లో సమయం తగ్గించుకోవడమే పనిగా పెట్టుకున్నాను. మా మేడమ్ నా రిపోర్టు తెరిచి, స్కోపు గోడకు తగిలిన సంఖ్యను వేలుపెట్టి చూపేదాకా అది నా దృష్టికే రాలేదు. ఆ తర్వాత రెండు వారాలు గడియారాన్ని పట్టించుకోకుండా గోడకు తగలకుండా వెళ్లడం ఒక్కటే సాధన చేశాను. థియేటర్‌లో మా మేడమ్ గమనించిన మొదటి మార్పు అదే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే రిపోర్టు తెరిచి చూశాను. సమయం దాదాపు సగానికి తగ్గింది, గోడకు తగిలిన సంఖ్య మాత్రం మొదటి వారంలో ఉన్నచోటే ఉంది. అదే అభ్యాసాన్ని మా సీనియర్ చేత ఒకసారి చేయించి, వారి సంఖ్యను నా లక్ష్యంగా పెట్టుకుని రేపటి నుంచి మళ్లీ మొదలుపెడతాను.