అప్‌డేట్: అడవి పెద్దబాతులను ఏ వేళలో చూడాలి?

అడవి పెద్దబాతులు ఏ వేళకు బాగా కనిపిస్తాయని అడిగాను కదా, మీ సలహాలు పాటించాక తేలింది ఇదీ.

వలస గుంపుల కోసమైతే శీతాకాలం, అందులోనూ తెల్లవారుజాము. సూర్యోదయానికి అరగంట ముందే చోటు చూసుకుని కూర్చోవాలి. రాత్రంతా నీళ్ల మీద గడిపిన గుంపు దాదాపు ఆ వేళకే మేతకు లేస్తుంది. లేచే ముందు అరుపులు పెరుగుతాయి, తలలు విదిలిస్తాయి. కెమెరా అప్పటికే చేతిలో ఉండాలి. పొగమంచు కమ్మితే కదలడం ఆలస్యం. పౌర్ణమి రోజుల్లో వెన్నెల్లోనే మేసేస్తాయి కాబట్టి పొద్దున్నే వెళ్తే లెక్క తప్పొచ్చు.

సాయంత్రం తిరిగొచ్చేవి చూడ్డానికి బాగుంటాయి గానీ, కొన్ని చీకటి పడ్డాకే దిగుతాయి. ఫొటోలకు వెలుతురు చాలదు.

జాతి గుర్తుపట్టాలన్నా, కాలి రింగు (పరిశోధకులు గుర్తు కోసం తొడిగేది) చదవాలన్నా మధ్యాహ్నమే మేలు (దీన్ని చాలామంది తీసిపారేస్తారు). ఈకలు సవరించుకుంటూ నింపాదిగా ఉంటాయి. 20-60 రెట్లు పెద్దగా చూపే స్కోప్ (దూరదర్శిని) పెట్టి, ఎండ మన వీపు మీద పడేలా నిలబడాలి.

మేస్తున్నవి మెడలు నిటారుగా చాచాయా, అక్కడే ఆగిపోవాలి. ఇంకో అడుగేస్తే గుంపంతా లేచిపోతుంది. కారు దిగకుండా చూస్తే అంతగా బెదరవు.