జ్వరాన్ని గద్దించడమేమిటి?

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు: మా వీధిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో "దయ్యమా, నిన్ను గద్దిస్తున్నాను" అని మైకులో ఒకటే కేకలు. మా ఇళ్లల్లో గద్దించడమంటే పిల్లల్ని గట్టిగా కోప్పడటమే. బైబిల్లో అర్థం వేరా?

జవాబు: మాట అదేనండీ. యేసు నోట అది ఎవరి మీద పడిందో చూడండి. లూకా సువార్త 4వ అధ్యాయంలో సీమోను అత్తకొచ్చిన జ్వరం మీద, మార్కు 4లో గాలి మీద, మార్కు 8లో ఏకంగా తన శిష్యుడు పేతురు మీద! జ్వరానికి, గాలికి చెవులున్నాయా కోప్పడితే వినడానికి? పైచేయి ఉన్నవాడు చెప్పాడు, అవి లోబడ్డాయి, అంతే.

మార్కు 1లో కపెర్నహూము సమాజమందిరం సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ కేకలు వేసేది అపవిత్రాత్మ పట్టినవాడు, యేసు కాదు. ఆయనన్నది "ఊరకుండుము, వానిని విడిచిపొమ్ము" అని మాత్రమే. వేపమండల్లేవు, సాంబ్రాణి పొగ లేదు. జనం నోరెళ్లబెట్టింది "అధికారముతో" ఆజ్ఞాపించాడని. సౌండు పెంచమని ఏ వచనంలోనూ లేదు లెండి.

విజయవాడ సభ్యుడు: మరి శిష్యులకూ ఆ అధికారం ఇచ్చాడుగా? లూకా 10:19, పాములను తేళ్లను త్రొక్కుటకు.

జవాబు: ఇచ్చాడు. ఆయన పంపిన డెబ్బైమంది శిష్యులూ తిరిగొచ్చి "దయ్యములు కూడ నీ నామమువలన మాకు లోబడుచున్నవి" అన్నారు. నీ నామమువలన అన్నారు చూశారా, సొంత బలం కాదు. ఆ వెంటనే 20వ వచనంలో, దయ్యాలు లోబడుతున్నాయని సంబరపడొద్దనీ చెప్పాడు. పేరు అరువు తెచ్చుకుంటే ఏమవుతుందో అపొస్తలుల కార్యములు 19లో ఉంది. ఎఫెసులో స్కెవ అనే యూదుల ప్రధానయాజకుడి కొడుకులు ఏడుగురు "పౌలు ప్రకటించు యేసు తోడు" అని మొదలుపెడితే, దయ్యం యేసు తెలుసు, పౌలు తెలుసు, "మీరెవరు" అని అడిగింది. బట్టలూడి, దెబ్బలు తిని ఆ ఇంట్లోంచి పరుగో పరుగు.

గుంటూరు సభ్యురాలు: అయితే "నేను గద్దిస్తున్నాను" అనొచ్చా, అనకూడదా?

జవాబు: ఫిలిప్పీ పట్టణంలో పౌలు దయ్యంతో అన్నది "యేసుక్రీస్తు నామమున ఆజ్ఞాపించుచున్నాను" అని. యూదా పత్రిక 9వ వచనంలో ప్రధానదూత మిఖాయేలంతటివాడు అపవాదితో, అంటే సాతానుతో, వాదిస్తూ కూడా "ప్రభువు నిన్ను గద్దించును గాక" అనే అన్నాడు. "నేను గద్దిస్తున్నాను" అనలేదు.